మూడో టేకు

అమ్మ పోయిన రోజు పెద్దకూతురికి ఏడవడానికి తీరిక చిక్కలేదు. పద్దెనిమిదేళ్ళు టీవీ సీరియళ్ళకు ప్రొడక్షన్ మేనేజరుగా చేసిన మనిషి. ఎవరు ఎన్నింటికి ఎక్కడుండాలో కాగితం మీద రాసి గోడకు అంటించింది. కుర్చీలెన్ని, కారెవరిది, నాన్నకు మాత్ర ఎప్పుడు, అన్నీ. వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు. చెల్లి మాత్రం ఆ కాగితాన్ని చూసి మొహం తిప్పుకుంది.

రెండు నెలలకు పెద్దకూతురు ఉద్యోగం మానేసింది. "ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ ఆలోచనలకు చాకిరీ చేశాను. ఇక నావి నేనే రాసి ఛానెళ్ళకు చెప్పుకుంటాను" అంది. నాలుగు ఆలోచనలు చెప్పింది. నాలుగూ తిరిగొచ్చాయి. ఐదోది, ఏడాదిగా ఎవరూ తెరవని అమ్మ బీరువా ముందు తట్టింది. పోయినవాళ్ళ బీరువాను ఇంట్లోవాళ్ళు మొదటిసారి తెరవడం. వారానికో ఇల్లు.

ఛానెల్‌లో కొత్త కార్యక్రమాలు ఎంపిక చేసే ఆవిడకు అది నచ్చింది. "శుక్రవారం సాయంత్రంలోగా ఐదు నిమిషాల నమూనా పంపండి" అంది.

శుక్రవారం ఉదయం చెల్లి వచ్చేసరికి అక్క లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. తెర మీద నాన్న. బీరువా తెరిచి, అమ్మ స్వెట్టరు అందుకుని, మొహానికి అదుముకుని భోరుమన్నాడు. వెనకాల అక్క గొంతు: "మొహం చీకట్లో ఉంది నాన్నా. కాస్త కిటికీ వైపు తిరగాలి. ఇంకోసారి."

నాన్న కళ్ళు తుడుచుకుని, స్వెట్టరు బుద్ధిగా మడిచి, లోపల పెట్టి, బీరువా మూశాడు.

"ఎన్నిసార్లు చేయించావే?" అంది చెల్లి.

"మూడు."

"మూడా! ఆయన మన నాన్న. నీ సీరియల్లో గుంపులో నిలబడేవాడు కాదు."

"అడిగే చేశాను. సరేనన్నాడు."

"నువ్వడిగితే ఆయన ఎప్పుడు కాదన్నాడు గనక?"

"పది నెలలైందే పని మానేసి. ఇదీ పోతే నేనేమైపోవాలి? నీకేం, నర్సువి. నీ చేతిలో పనుంది."

"ఆయన చేతిలో ఏముందక్కా? ఆ స్వెట్టరొక్కటేగా!"

నాన్న గది గుమ్మంలోకి వచ్చాడు. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపిన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. "మెల్లగా మాట్లాడండర్రా. పక్కింటివాళ్ళు టీవీ కట్టేసి మరీ వింటున్నారు."

ఎవరూ నవ్వలేదు.

"దాన్నేమీ అనకు చిన్నమ్మా. మొదటిసారి ఏడుపు దానంతటదే వచ్చింది. రెండోసారి అక్క కోసం తెచ్చుకున్నాను. మూడోసారి చాలా బాగా వచ్చింది. అక్కడే భయమేసింది. అప్పట్నుంచీ మీ అమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చబోతే నేనే ఆపుకుంటున్నా. అది నిజమో, అలవాటో తెలియట్లేదు." పెద్దకూతురి వైపు తిరిగాడు. "నీకు పనికొచ్చింది కదమ్మా. పంపించెయ్."

ఆమె నమూనాలో పెట్టింది మూడోదే. వెలుతురు చక్కగా పడింది, కన్నీళ్ళు స్పష్టంగా కనిపించాయి. మొదటిదాన్ని ఆమె పూర్తిగా చూడను కూడా లేదు.

ఛానెల్ ఆవిడకు ఫోన్ చేసింది. "నమూనా పంపలేనండీ. వచ్చి నోటితో చెప్తాను."

"చూపించకపోతే మావాళ్ళు వినరండీ. మళ్ళీ ఎప్పుడైనా చూద్దాం" అంది ఆవిడ మర్యాదగా.

ఫోన్ పెట్టేసి ఆమె నాన్న కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. నాన్న ఆమె తల మీద చెయ్యి వేశాడు. చెల్లి వచ్చి పక్కనే కూర్చుని అక్క భుజానికి తల ఆనించింది.

రెండో టేకునూ, మూడోదాన్నీ ఆమె ఆ సాయంత్రమే చెరిపేసింది. మొదటిది ఉంది. దాన్ని ఉంచాలో తీసెయ్యాలో నాన్ననింకా అడగలేదు.