వద్దన్న మాటల జాబితా

"ఫోన్‌లో ఈ మాటలు కొట్టి వెతికేవాళ్ళకి మన షాపు ప్రకటన కనపడకూడదు. అంతే!" అంటూ చిన్నకోడలు గోడకి అంటించిన కాగితం మీద కుడివైపు గడిని పెన్నుతో టకటకా కొట్టింది.

టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పెద్దకోడలు ఆ కాగితం వంక చూసింది. ఎడమవైపు 'కావాలి' అని రాసి, దాని కింద పెళ్ళి దుస్తులు, డిజైనర్ దుస్తులు, పెళ్ళికూతురి అలంకరణ... అంటూ పొడుగాటి వరస. కుడివైపు 'వద్దు'. చవక, పాత బట్టలు, చిరుగు, అద్దెకి... అంతవరకు సరే. ఆ కింద? ఆపరేషన్. క్యాన్సర్. రొమ్ము తీసేసిన. మెత్త. ఆమె ఆ వరస మళ్ళీ చదివింది. ఆ నాలుగు మాటలే కదా తన పన్నెండేళ్ళ బతుకు!

ఆ ఇంటి ముందు గదులు బట్టలు కుట్టే షాపు. పెద్దకొడుకు కటింగ్ మాస్టరు, చిన్నకొడుకు ఆర్డర్లు చూస్తాడు. వెనకవైపు, సందులోకి తలుపున్న చిన్న గదిలో పెద్దకోడలు మిషను ఉంది. ఆపరేషన్‌లో ఒకవైపు రొమ్ము పోగొట్టుకున్న ఆడవాళ్ళు ఆ తలుపు తట్టి వస్తారు. వాళ్ళ కోసం లోపల జేబు పెట్టిన బాడీలు కుట్టి, ఆ జేబులోకి సరిపడా మెత్త చేసి ఇస్తుంది ఆమె. మెత్తలో దూది ఒక్కటే ఉంటే తేలికై పైకి జరిగిపోతుంది. అందుకని కడిగి ఎండబెట్టిన గింజల్ని చిన్న సంచిలో పోసి, రెండోవైపు బరువుకి సరిగ్గా తూగేదాకా త్రాసులో తూచి మరీ పెడుతుంది. ఈ పని ఆమెకెవరూ నేర్పలేదు. చిన్నప్పుడు, ఆపరేషన్ అయ్యాక వాళ్ళమ్మ ఒకవైపు చేతిరుమాలు మడిచి పెట్టుకునేది. ఒకరోజు బస్సెక్కుతుంటే ఆ రుమాలు జారి మెట్ల మీద పడింది. తీసిచ్చింది ఎనిమిదేళ్ళ కూతురే. ఆ రోజు వాళ్ళమ్మ ముఖం... ఆ ముఖం ఆమె ఇంతవరకు మర్చిపోలేదు!

"చెల్లీ, ఆ చివరి నాలుగూ తీసెయ్యవా?" అంది మెల్లగా.

"ఎందుకక్కా? పెళ్ళి దుస్తుల కోసం వచ్చిన పిల్లకి ఆసుపత్రి మనుషులు కనపడితే మళ్ళీ మన ముఖం చూస్తుందా? ప్రకటన మీద ఎవరు నొక్కినా ఖర్చు మనకే. వద్దనుకునేవాళ్ళని ముందే ఆపాలి."

"అంతేగా మరి! పెళ్ళికూతుళ్ళు ముందు గుమ్మంలోంచి వస్తుంటే వెనక గుమ్మంలోంచి ఆసుపత్రి దిగుతోంది మనింట్లోకి!" అంది అత్తగారు టీ ఊదుకుంటూ. "నలుగురూ ఏమనుకుంటారు? ఆ జబ్బు ఈ కొంపలో ఎవరికో ఉందనుకోరూ?"

పెద్దకోడలు భర్త వంక చూసింది.

"నన్ను మధ్యలోకి లాగకండి. నా చేతిలో కత్తెరుంది" అన్నాడాయన తలెత్తకుండా. అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేకపోయింది.

"ఇంకో మాట" అంది చిన్నకోడలు. "నెలాఖరుకి ఆ వెనక గది ఖాళీ చెయ్యాలి. వెబ్‌సైట్‌కి ఫోటోలు తీసుకోవడానికి కావాలి నాకు."

"మరి నా దగ్గరికి వచ్చేవాళ్ళో?"

"ఎవరొస్తున్నారక్కా? వారానికి ఇద్దరు! వాళ్ళ దగ్గర నువ్వు తీసుకునేది దారం ఖర్చుకే చాలదు. దానధర్మాలు చేసుకోవాలంటే పుట్టింట్లో చేసుకో!"

పుట్టిల్లు! తల్లి పోయిన మర్నాడే మూతబడ్డ ఆ గుమ్మం గుర్తొచ్చి ఆమె కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. పళ్ళెం అక్కడ పెట్టి వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

వెబ్‌సైట్ మొదలైంది. ముందు గుమ్మం దగ్గర చెప్పులు పెరిగాయి. చిన్నకోడలు ఇప్పుడు వీధి మొత్తానికి 'కంప్యూటర్ కోడలు'. పెద్దామె పేరు మామూలే, 'సూది కోడలు'. భోజనాల దగ్గర అత్తగారు కంప్యూటర్ కోడలికి దగ్గరుండి వడ్డించి, "నీకేం కావాలో నువ్వు పెట్టుకో" అని గిన్నె సూది కోడలి వైపు తోసేది.

మూడోవారంలో ఒక మధ్యాహ్నం వెనక తలుపు ఎవరో తట్టారు. తీసి చూస్తే, తల నిండా శాలువా కప్పుకుని నిలబడి ఉంది... చిన్నకోడలి తల్లి!

"పిన్నిగారూ! మీరా! ఇటువైపు నుంచి వచ్చారేంటి?"

"అరవకమ్మా, నీకు దణ్ణం పెడతాను" అంటూ ఆవిడ గబగబా లోపలికొచ్చి తలుపు మూసింది. "ఆసుపత్రిలో నర్సమ్మ చీటీ రాసిచ్చింది. అడ్రసు చూస్తే మా అమ్మాయి ఇల్లే! నువ్వేవో లోబట్టలు కుడతావని విన్నాను గానీ, ఇలాంటివని నాకు తెలియదు తల్లీ..."

ఆవిడ శాలువా తీసింది. పెద్దకోడలు తలుపు గడియ పెట్టి, టేపు చేతిలోకి తీసుకుంది.

"ఆపరేషనై రెండు నెలలైంది. అమ్మాయికి చెప్పలేదు. షాపు పనిలో తలమునకలుగా ఉంది. పైగా మీ అత్తగారి నోరు నీకు తెలుసుగా! 'జబ్బుల కొంపలోంచి పిల్లని తెచ్చుకున్నాం' అని నా బిడ్డని పొడవదూ? దానికి చెప్పనని ఒట్టెయ్యి!"

ఒట్టు వేసేముందు పెద్దకోడలికి గోడ మీద కాగితం గుర్తొచ్చింది. ఈ ఒక్క మాట చెబితే చాలు, ఆ నాలుగు మాటలూ చెరిగిపోతాయి, గది తనకి మిగులుతుంది... కానీ బస్సు మెట్ల మీద పడిన రుమాలు కళ్ళ ముందు కదిలింది. ఒట్టు వేసింది.

నెలాఖరు రానే వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి గది ఖాళీ చెయ్యాలి. పిన్నిగారు చివరి కొలత చూసుకోవడానికి రెండున్నరకే వచ్చింది. అనుకున్న టైముకి ముందే వెనక గది తలుపు దబదబా మోగింది.

"అక్కా, తలుపు తియ్! లైట్లు తెచ్చారు."

"పావుగంట ఆగు చెల్లీ!"

"నెల్లాళ్ళు ఆగాను! ఎవరున్నారు లోపల? ఎవరో ముసలమ్మకి గింజల సంచి కట్టడం కోసం నా పని ఆగిపోవాలా?"

లోపల పిన్నిగారి ముఖం తెల్లగా పాలిపోయింది. పెద్దకోడలు ఆవిడ చెవులు మూస్తే బాగుండునని అనుకుంది. ఆ మాటలన్నది ఆవిడ కన్న కూతురే!

"తాళం నా చేతిలోనే ఉంది. మీ అక్కని లోపలే పెట్టి వేసేస్తాను, దెబ్బకి కుదురుతుంది!" అత్తగారి గొంతు.

"బాగుందత్తయ్యా! ఇది ఇల్లా, ఆసుపత్రి వసారానా? మా అమ్మకి ఫోన్ చేసి చెబుతాను ఈ ఇంట్లో నా గతేంటో!"

మరుక్షణం, మూసిన తలుపు లోపల్నుంచి పిట్టల కిలకిల వినిపించింది. తను ఫోన్ చేసినప్పుడు మాత్రమే మోగేలా చిన్నకోడలే వాళ్ళమ్మ ఫోన్‌లో పెట్టిన మోత అది!

బయట చిన్నకోడలు ఫోన్ చెవి దగ్గర్నుంచి దించింది. పిట్టలు మాత్రం కూస్తూనే ఉన్నాయి...

"అమ్మా?... అక్కా, లోపల ఎవరు? తలుపు తియ్!"

"ఆవిడ ఇంకా బట్టలు వేసుకోలేదు" అంది పెద్దకోడలు, తలుపుకి వీపు ఆనించి. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఆమె గొంతు పెంచడం అదే మొదటిసారి. "ముందు మగవాళ్ళు అవతలికి వెళ్ళండి! లైట్లు తెచ్చినవాళ్ళు కూడా!"

అడుగుల చప్పుడు దూరమయ్యాక గానీ ఆమె గడియ తియ్యలేదు.

చిన్నకోడలు తల్లిని చూసింది, తల్లి గుండెల దగ్గర కొత్త బాడీని చూసింది, బల్ల మీద త్రాసుని చూసింది. తర్వాత తోడికోడలి మీద విరుచుకుపడింది.

"నీకు తెలుసు! వారం పైగా నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూ దాచావు! నన్ను ఓడించాలనే కదా!"

"ఓడించాలంటే మొదటి రోజే చెప్పేదాన్ని కదా చెల్లీ..."

"దాన్ననకు, నేనే ఒట్టు వేయించుకున్నాను" అంది తల్లి. "మీ అత్తగారు ఏమంటుందోనని భయపడ్డానే!"

"అయ్యో వదినగారూ! నేనంత రాక్షసినా?" అంది అత్తగారు. ఆవిడ చేతిలో తాళం అలాగే ఉండిపోయింది.

తల్లి కూతురి చెంప తుడిచింది. "ఫోన్‌లో రోజూ వెతికానమ్మా. నీ షాపు వస్తే నీ దగ్గరికే ధైర్యంగా వద్దామనుకున్నాను. ఎన్నిసార్లు రాసినా రాలేదు. నీది కొత్త షాపు కదా, ఇంకా పైకి రాలేదేమో అనుకున్నాను... కదమ్మా?" అని పెద్దకోడలి వైపు తిరిగింది.

చిన్నకోడలి ముఖంలో రక్తం లేదు. గోడ మీద కాగితం, ఆ కుడివైపు గడి, తన చేత్తో తాను రాసిన నాలుగు మాటలు... ఇప్పుడు అక్క నోరు విప్పితే? నెల్లాళ్ళ అవమానానికి ఒక్క మాటతో బదులు తీర్చుకోవచ్చు!

పెద్దకోడలు తల వంచుకుని టేపు చుట్టింది. "అవును పిన్నిగారూ. కొత్తది కదండీ... టైం పడుతుంది" అంది.

అంతే! చిన్నకోడలు అక్కడే కూలబడి మోకాళ్ళలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎందుకంతగా ఏడుస్తోందో తల్లికి అర్థం కాలేదు. అర్థమైన ఒక్క మనిషి పిన్నిగారికి శాలువా అందించింది.

సాయంత్రం లైట్లు వెనక్కి వెళ్ళిపోయాయి. చిన్నకోడలు కంప్యూటర్ తెచ్చి ఆ వెనక గదిలోనే, త్రాసు పక్కన పెట్టుకుంది. కుడివైపు 'వద్దు' జాబితా తెరిచి ఆ నాలుగు మాటలూ ఒక్కొక్కటే చెరిపేసింది.

"నీ మీద కోపం పోలేదక్కా" అంది తల తిప్పకుండానే.

"నాకూ పోలేదులే. ముందు పని చూడు."

"నీ దగ్గరికొచ్చేవాళ్ళు మొట్టమొదట ఏం అడుగుతారు? ఎంతవుతుందనా?"

"కాదు. కొలతలు ఎవరు తీస్తారని అడుగుతారు. తలుపుకి గడియ ఉందా అని అడుగుతారు. ఆ తర్వాతే కుట్టు సంగతి."

చిన్నకోడలు ఎడమవైపు 'కావాలి' కింద రాసుకుంది. ఆడవాళ్ళే కొలతలు తీసే చోటు. గడియ ఉన్న గది. రాసి, అక్కడే మంచం వాల్చుకుని పడుకున్న తల్లి వైపు తిరిగింది.

"నువ్వు ఏమని రాసి వెతికావమ్మా?"

ఆవిడ ఫోన్ చేతికిచ్చి గోడ వైపు తిరిగిపోయింది. తెర మీద ఒకే వాక్యం ఒకదాని కింద ఒకటిగా పదకొండు సార్లు ఉంది. 'ఆపరేషన్ అయి ఒకవైపే ఉన్నవాళ్ళకి బాడీ ఎక్కడ కుడతారు.'

చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంది. పెళ్ళి దుస్తులకి పైన, అన్నిటికంటే మొదటి వరసలో, వాళ్ళమ్మ రాసినట్టే ఒక్కో అక్షరం ఎక్కించింది.