దుర్గాభవాని వైవా

“సార్, నలభై ప్రశ్నలకూ ‘కొన్నిసార్లు’ అన్నదానికే టిక్కు పెట్టిన్రు. ఒక్కటన్న చదివిన్రా?”

నాచారంలో మందులు ప్యాక్ చేసే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో టీ తాగుతున్న మహిపాల్ తలెత్తాడు. నీలం చుడీదార్, భుజాన బరువైన బ్యాగు, చేతిలో అతను నింపిన ఫారం. ఉప్పల్‌లో లెక్చరర్‌గా పనిచేస్తూ, వీలున్న వేళల్లో సైకాలజీ పీహెచ్‌డీ చేస్తున్న దుర్గాభవాని వస్తుందని మేనేజర్ పొద్దున్నే చెప్పాడు. వారం వారం షిఫ్టు మారే కార్మికుల నిద్ర, కోపం, మతిమరుపు మీద ఆమె పరిశోధన.

“చదివిన మేడమ్. సమజ్ గాలే. ‘భావోద్వేగ అస్థిరత’ అంటే బీపీ అనుకున్నడు మా బుచ్చిరాములన్న. కింద గోలీల పేర్లు గూడ రాసిండు.”

కోప్పడుతుందనుకున్నాడు. ఆమె బుచ్చిరాములు ఫారం వెతికి తీసి, ఆ పేర్లు చదివి పకపకా నవ్వింది. ఆ నవ్వు చూస్తూ లైన్ సూపర్‌వైజర్ మహిపాల్ టీ సంగతే మరిచిపోయాడు.

“మరి మీరైతే ఎట్ల అడుగుతరు?”

“‘ఊకెనే చిరాకు లేస్తదా’ అని అడుగుత.”

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఉప్పల్ మెట్రో పక్కన ఒక హోటల్లో కూర్చుని ప్రశ్నలన్నీ కార్మికుల మాటల్లోకి మార్చారు. ఒక్కో విడతా ఆమె గైడ్ చూసి సరే అనేవాడు. ప్రశ్నలు అయిపోతున్నకొద్దీ మహిపాల్‌కు సందేహాలు ఎక్కువయ్యాయి.

“ముప్పై రెండోది జర మళ్ల సూడాలె మేడమ్.”

“నాలుగుసార్లు చూసినం.”

“అయిదోసారి చూస్తే ఏమైతది?”

ఆమె నవ్వు ఆపుకోవడానికి కిటికీలోంచి వాన వైపు తిరిగేది.

ఒక ఆదివారం అతను నోరు జారాడు. “నౌకరీ ఇడువకుండ, మీకు వీలైనప్పుడే చదువుకుంటున్రు. మస్తు అల్కటి డాక్టరేట్ మీది, కష్టమే లేదు.”

ఆమె కాగితాలు సర్దుకుని లేచింది. తర్వాతి ఆదివారం రాలేదు. ఆపై ఆదివారమూ రాలేదు. ఫోన్ ఎత్తలేదు.

మూడో వారం మహిపాల్ సెలవు పెట్టి ఆమె కాలేజీ గేటు ముందు వానలో నిలబడ్డాడు.

“తప్పయింది మేడమ్. తెల్వక అన్న.”

ఆమె గొడుగు అతని మీదికి జరపలేదు. “యూనివర్సిటోళ్లు టైము మన ఇష్టమన్నరు గని, పని తక్కువని ఎవ్వరనలే. పొద్దంత క్లాసులు చెప్త. సాయంత్రం ఆన్‌లైన్ల గైడ్ ముంగట కూసుంట. మా చెల్లె పెండ్లి పందిట్ల గూడ చాప్టర్ దిద్దుకున్న.”

“గింత కష్టం ఎందుకు మరి?”

“మా నాయన ముప్పై ఏండ్లు షిఫ్టులు చేసిండు. ఇంట్ల గ్లాసు చప్పుడైనా కసిరెటోడు. మేమంటే ఇష్టం లేదనుకున్న. నిద్ర లేక గట్లయిండని పుస్తకాలు చదివినంక తెలిసింది. నా లెక్క ఇంకో పిల్ల తన నాయనను గట్ల అనుకోవద్దు.”

మహిపాల్ తల వంచుకుని తడుస్తూ నిలబడ్డాడు. అప్పుడామె గొడుగు జరిపింది.

రెండేళ్లకు వైవా రోజు వచ్చింది. మహిపాల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరుసలో కూర్చున్నాడు. ఇంత మామూలు మాటలతో అడిగితే జవాబుల్ని ఎలా నమ్మాలని ఒక పరీక్షకుడు నిలదీశాడు.

“మూడొందల మందిని నెల తర్వాత మళ్లీ అడిగాను సార్. జవాబులు దాదాపు అవే వచ్చాయి,” అంది ఆమె తడుముకోకుండా. మహిపాల్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

సభలో ఎవరైనా ప్రశ్న అడగవచ్చన్నారు. ముందు వరుసలోంచి ఆమె తండ్రి బిక్షపతి లేచాడు.

“బిడ్డా, గిదంత నాకు అప్పుడే ఎవరన్న చెప్తే, మిమ్ముల గన్నిసార్లు కసిరెటోన్ని కాదు గదా?”

దుర్గాభవాని మైకు పక్కన పెట్టేసింది.

“కాదు నాయనా. అండ్ల నీ తప్పు లేదు. నేను ఏడేండ్లు కూసోని రాసింది గదే.”

బిక్షపతి కండువాతో కళ్లు తుడుచుకుని కూర్చున్నాడు. అరగంట తర్వాత పరీక్షకులు ఆమెను డాక్టర్ దుర్గాభవాని అని పిలిస్తే, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.

బయట మెట్ల మీద మహిపాల్‌ను చూసి, “ఈ పిలగాడెవరు?” అని కూతుర్ని అడిగాడు.

“మహిపాల్. ప్రశ్నలన్ని మన మాటలల్ల రాయించింది ఈయనే. పుస్తకం మొదట్ల పేరు గూడ ఏసిన.”

ఆ సంగతి మహిపాల్‌కు అప్పుడే తెలిసింది.

“నీయి గూడ షిఫ్టులేనా?”

“అవును మామా.”

“అందరు నన్ను కాకా అంటరు. నువ్వు మామా అన్నవ్.”

మహిపాల్ దుర్గాభవాని వైపు చూశాడు. ఆమె చూపు దించుకోలేదు.

“తెలిసే అన్న,” అన్నాడు.

బిక్షపతి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “మా డాక్టరమ్మ ఏమంటది?”

“నేనెప్పుడో అనుకున్న నాయనా. ఈయనే లేటు.”

పెద్దాయన మహిపాల్ భుజం మీద చెయ్యి వేసి గేటు వైపు నడిపించాడు. “మీ అమ్మానాయనలు యాడుంటరు?”

“కాప్రాల మామా,” అన్నాడు మహిపాల్. ఈసారి ఆ పిలుపు గురించి ఎవరూ అడగలేదు.