నాలుగో బెల్ట్‌కి ఎర్ర ట్యాగ్

“ఏజెంట్ గురునాథ్! బాంబు నాలుగో బొగ్గు బెల్ట్ దగ్గర ఉంది. పదింటికి బెల్ట్ స్టార్ట్ అవుతుంది. ఈలోగా తీసెయ్. ఎవరికీ చెప్పకు.”

చీఫ్ రమేష్‌బాబు బ్రీఫింగ్ అంతే.

రాయచూరు దగ్గర, కృష్ణ ఒడ్డున ఉన్న థర్మల్ ప్లాంట్‌లో గురునాథ్ మూడు నెలలుగా ఫిట్టర్ వేషంలో ఉన్నాడు. ప్లాంట్‌ని పేల్చబోతున్న విదేశీ ముఠాలో డిపార్ట్‌మెంట్ మనిషి నేహ. జర్నలిస్టు కార్డు, నల్ల కళ్లద్దాలు, రాయచూరు ఎండకి కూడా చెదరని లిప్‌స్టిక్.

తొమ్మిదీ నలభైకి ఆమె చూపించిన బొగ్గు సొరంగంలోకి దిగాడు. బాంబు బెల్ట్ కింద బోల్టులతో బిగించి ఉంది. వెనక ఇనుప తలుపుకి గడియ పడింది.

“నేహా! తలుపు తియ్!”

“సారీ డార్లింగ్. దాన్ని ముట్టుకున్నా పేలుతుంది, బెల్ట్ కదిలినా పేలుతుంది.”

“ఆ ముఠాకి ఎప్పుడు అమ్ముడుపోయావు?”

“ఆ ముఠాని పెంచిందే మన చీఫ్! ఎల్లుండి మిలిటెంట్లని అణిచే కొత్త చట్టం సభకొస్తోంది. దానికో దాడి కావాలి, ఒక మిలిటెంట్ శవం కావాలి. ఆ శవం నువ్వే. నీ లాకర్‌లో కాగితాలు కూడా సర్దేశాం.”

హైహీల్స్ చప్పుడు దూరమైంది.

గురునాథ్ ఒళ్లు మండిపోయింది. పదేళ్లు ఆ చీఫ్ కోసం ప్రాణాలకు తెగించాడు. పైన బొగ్గు నింపే బంకర్ దగ్గర ఎనభై మంది పనిచేస్తున్నారు. వాళ్ల చావులూ తన నెత్తినే రుద్దుతారు. లైటర్‌లో దాచిన పిస్టల్ గుండు ఇనుప తలుపుని గీరింది, అంతే. బూటులోని ట్రాన్స్‌మిటర్ సొరంగంలో మూగబోయింది. గోడకున్న ఫోన్‌లో మౌత్‌పీస్ లేదు. లౌడ్‌స్పీకర్ ఒక్కటే పనిచేస్తోంది.

పదింటికి అందులో ఆపరేటర్ గోవిందప్ప గొంతు వినిపించింది.

“అందరు దూరం జరగుండ్రి. నాలుగో బెల్ట్...”

గొంతు ఆగింది.

“ఏమైంది? స్టార్ట్ చెయ్యవయ్యా!” అది చీఫ్ గొంతు. ఇన్‌స్పెక్షన్ పేరుతో కంట్రోల్ రూమ్‌లోనే కూర్చున్నాడన్నమాట!

“స్విచ్చికి ఎర్ర ట్యాగ్ ఉంది సార్. గురునాథ్ కట్టిండు. అంటే లోపల మనిషి ఉన్నడు.”

గురునాథ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. వస్తూ వస్తూ కంట్రోల్ రూమ్‌లో ట్యాగ్ కట్టాడు. బెల్ట్ దగ్గరికి దిగే ప్రతి ఫిట్టరూ చేసే పనే అది. ఎవరికీ చెప్పొద్దన్నా, మూడు నెలలుగా అలవాటుపడ్డ చేతికి ఆ మాట వినపడలేదు.

“తీసెయ్!”

“కట్టినోడే వచ్చి ఇప్పాలె సార్. ఇది మా ఖాయిదా.”

“నేను ఢిల్లీ నుంచి వచ్చాను!”

“ఢిల్లీ అయితే ఏంది సార్? లోపల మనిషి ఉన్నడు.”

పదీ రెండు. చీఫ్ సహనం తెగింది. పొద్దున్నే రాసిపెట్టుకున్న ప్రెస్ నోట్ నోట్లోంచి జారిపడింది.

“వాడొక మిలిటెంట్! బాంబు పేలి చచ్చాడు! ఇక లోపలెవరూ లేరు!”



“బాంబా?” గోవిందప్ప నిదానంగా అడిగాడు. “ఎప్పుడు పేలింది సార్? మాకెవ్వరికీ ఇనపడలే.”

మైకు బటన్ మీంచి అతను వేలు తియ్యనేలేదు. ప్లాంట్‌లో ప్రతి మూలా ఆ మాటలు మోగాయి. సెక్యూరిటీ వాళ్లు రెండువైపులకీ పరుగెత్తారు, కంట్రోల్ రూమ్‌కి, సొరంగానికి. గేటు దగ్గర ఆపిన నేహ హ్యాండ్‌బ్యాగులో ఫోన్ మౌత్‌పీస్ దొరికింది.

బాంబ్ స్క్వాడ్ వచ్చి బాంబుని నిర్వీర్యం చేసి పట్టుకెళ్లాక, ఒళ్లంతా బొగ్గుమసితో గురునాథ్ కంట్రోల్ రూమ్‌కి వచ్చాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. గోవిందప్పని వాటేసుకోబోయాడు.

“గదంత తర్వాత,” అన్నాడు గోవిందప్ప స్విచ్ వైపు చూపిస్తూ. “ముందు నీ ట్యాగ్ ఇప్పు. బాయిలర్ల బొగ్గు అయిపోతున్నది.”