రక్తం తీసే మనిషి మారాడు

“మొన్న ఇచ్చిన రక్తం ఏం చేశారండీ? తాగేశారా?”

పరిశోధకుడు నీళ్ళు నమిలాడు. లూపస్ అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు; అది ఉన్నవాళ్ళ రోగనిరోధక కణాల్లో ఒక ఎంజైమ్ ఎంత చురుగ్గా ఉందో కొలవడం అతని పని. జబ్బు తిరగబెట్టే ముందే అది పెరుగుతుందని తేలితే, మందు ముందే మొదలుపెట్టొచ్చని అతని ఆశ. మొన్న ఎదురుగా ఉన్న ఈ లెక్కల టీచర్ ఇచ్చిన రక్తం ట్యూబును ల్యాబుకి తీసుకెళ్తూ అతను లిఫ్టులో మూడు గంటలు ఇరుక్కుపోయాడు.

“తప్పు నాదే. కణాలు పాడైపోయాయి. ఇంకోసారి ఇస్తారా?”

దాచకుండా చెప్పినందుకు ఆమె కోపం సగం దిగింది. చెయ్యి చాపింది.

“ఈసారి మెట్లెక్కి వెళ్ళండి.”

అప్పటినుంచి నెలనెలా వాళ్ళ నాన్నతో వచ్చేది. బుగ్గల మీద ఎర్రమచ్చలు పొంగినప్పుడు స్కార్ఫ్ చుట్టుకుని, కీళ్ళు పట్టేసినప్పుడు ఆయన భుజం ఆనుకుని. ఎప్పుడొచ్చినా అదే ప్రశ్న.

“నా ఎంజైమ్ ఎంతుందండీ?”

“స్టడీ అయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదండీ.”

“లెక్కల టీచర్ దగ్గరే అంకెలు దాస్తారా?”

ఆమె వెళ్ళాక చాలాసేపు అతనికి పని మీద ధ్యాస కుదిరేది కాదు.

ఐదో నెల సూది పట్టుకుని వేరే ఆవిడ వచ్చింది. అతను అద్దం తలుపు వెనక తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె రక్తం ఇవ్వగానే తిన్నగా వెళ్ళి తలుపు తట్టింది.

“మొహం చాటేసేంత ఘోరంగా ఉందా?”

“ఏంటండీ?”

“నా ఎంజైమ్!”

“అయ్యయ్యో, అది కాదు! మనసులో ఇంకోటి పెట్టుకుని మీకు సూది గుచ్చడం పద్ధతి కాదు కదా. ప్రొఫెసర్‌గారికి చెప్పి తప్పుకున్నా.”

“ఇంకోటంటే?”

అతని చెవులు కందిపోయాయి. “మీరంటే ఇష్టం.”

ఆమె పట్టేసిన తన వేళ్ళ వంక చూసుకుంది.

“ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు. కొన్ని రోజులు నా జడ కూడా నేను వేసుకోలేను.”

“తెలుసు. నాకు జడ వేయడం రాదు. నేర్చుకుంటా.”

వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

“నేను నేర్పిస్తాలే బాబూ,” అన్నాడు వాళ్ళ నాన్న. “రెండేళ్ళుగా నేనే వేస్తున్నా. మొదట్లో కాస్త వంకరగా వస్తుంది, అంతే.”

“నాన్నా!” అంది గానీ, వద్దని మాత్రం అనలేదు.