సూది తొమ్మిదిన్నర దాటింది

"బాయిలర్ ప్రెషర్ నూట యాభై పీఎస్ఐ దాటిందంటే, పైన హాల్లో చర్చలకి కూర్చున్న రెండొందల మందీ గాల్లో కలిసిపోతారు," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా సేఫ్టీ వాల్వ్ బిగించేసింది. పని ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి వాళ్ల మనిషొకడు వస్తాడు. వాణ్ని పట్టుకో. నూట ముప్పై దాటితే మాత్రం ఆగకు, చేతి వాల్వ్ తిప్పి ఆవిరి వదిలెయ్."

"లెక్కలు నాకొదిలెయ్యండి సార్," అన్నాడు గద్ద.

చూపును బట్టి వచ్చిన పేరది. గూఢచారి ట్రైనింగ్‌లో కొలతల పరీక్ష ఆ చూపుతోనే పాసయ్యాడు. పక్క సీటు అమ్మాయే కాపీ కొట్టిందని తేల్చి ఆమెను ఇంటికి పంపేశారు. గద్ద నోరు విప్పలేదు. పదకొండేళ్లుగా ఆ సంగతి గుర్తొస్తే ఒంటరిగా ఉన్నా తల వంచుకుంటాడు.

మిట్టమధ్యాహ్నం. మెకానిక్ వేషంలో, పెట్టుడు మీసంతో బాయిలర్ గదిలో పంపు వెనక నక్కాడు. మీటరు సూది తొమ్మిది మీదుంది. వాచీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు.

"తొమ్మిదే సార్. బోలెడు టైముంది."

తలుపు తెరుచుకుంది. ఎర్ర స్కార్ఫు, హైహీల్స్. గద్ద పిస్టల్ ఎత్తాడు.

"గొడుగులు ఎక్కడ బాగుచేస్తారు?" అందామె.

డిపార్ట్‌మెంట్ కోడ్! "వాన వెలిశాక చెప్తాను," అన్నాడు. అప్పుడు గుర్తుపట్టాడు. ఆ పక్క సీటు అమ్మాయే.

"గెంటేసిన పిల్లనని ముఠా నన్ను నమ్ముతుంది. అందుకే చీఫ్ రహస్యంగా పిలిపించి వాళ్లలోకి పంపాడు," అంది. "వాళ్ల మనిషిని మెట్ల కింద కట్టిపడేశాను. ప్రెషరెంత?"

"తొమ్మిదిన్నర. నూట యాభైకి చాలా దూరం."

ఆమె మీటరు వైపు చూసి అదిరిపడింది. "బార్ అని రాసుంది, కనబడలేదా?"

"కనబడింది. కంపెనీ పేరనుకున్నా."

"ఒక బార్ అంటే పద్నాలుగున్నర పీఎస్ఐ! ఇప్పుడు నూట ముప్పై ఎనిమిది! తిప్పు!"

ఇద్దరూ చేతి వాల్వ్ చక్రం మీద పడ్డారు. తుప్పు పట్టి కదల్లేదు. సూది పదికి చేరింది.

"నూట నలభై అయిదు... నూట నలభై ఎనిమిది..."

చక్రం కిర్రుమంది. ఆవిరి బుస్సున లేచింది. సూది వెనక్కి తగ్గింది. పైన హాల్లో ఎవరో ఎవరికో చప్పట్లు కొడుతున్నారు.

గద్ద ముఖం మండిపోతోంది. అది ఆవిరి వల్ల కాదు, సిగ్గు వల్ల.

"ఆ పరీక్షలో కాపీ కొట్టింది నేనే," అన్నాడు.

"తెలుసు. రెండు పేపర్లూ నా ముందు పెట్టారు. నాలుగో లెక్కలో నేను తప్పు రాసి గీత కొట్టిన అంకెని కూడా నువ్వు అలాగే రాసి గీత కొట్టావు."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను, నమ్మలేదు. నువ్వు చెప్తావేమోనని గేటు దగ్గర సాయంత్రం దాకా నిలబడ్డాను."

గద్ద తలెత్తలేకపోయాడు. పెట్టుడు మీసం పీకేసి వాచీ నొక్కాడు. మీటరు సంగతీ, పరీక్ష సంగతీ ఏదీ దాచకుండా చెప్పేశాడు.



"అంతా రాసి రిపోర్ట్ పంపు," అన్నాడు చీఫ్. "ఈసారి పక్కకి చూడకుండా."