పెరటి మీది ఆకాశం

మయూర్ విహార్‌లో పొగమంచు అప్పుడే విడింది. మొదటి అంతస్తు బాల్కనీలో టీ కప్పుతో నిలబడిన వైశాలి కిందికి చూసి పెదవి విరిచింది. కింది ఫ్లాట్ పెరట్లో వాళ్ల నాన్న మల్లికార్జున వెదురుకర్రకి టేపు కట్టి ఆకాశంలోకి ఎత్తి పట్టుకున్నాడు.

కంటోన్మెంటు స్టోర్సులో పాతికేళ్లు దుప్పట్లు లెక్కపెట్టి రిటైరైన మనిషి, ఇప్పుడు గాలికి కాపలా కాస్తున్నాడు. పక్కింటివాళ్ల తువ్వాలు కంచె మీదికి వేలాడితే తగువు. గాలిపటం పెరటి మీదుగా పోతే తగువు. కిందటి నెల ఎవరిదో పెళ్లి డ్రోన్ మీదికి చీపురు విసిరితే అది తిరిగొచ్చి ఆయన నెత్తినే పడింది.

ఈసారి తగువు కూతురితోనే. అమ్మానాన్నలకు దగ్గరగా ఉండాలనే వైశాలి, ఆమె భర్త విష్ణు పై ఫ్లాట్ కొన్నారు. ఇద్దరిదీ ఇంటినుంచే ఉద్యోగం. చోటు చాలక, బాల్కనీని పెరటి మీదికి ఆరడుగులు పెంచి గది వేద్దామనుకున్నారు.

"ఏం నాన్నా, ఆకాశాన్ని కొలుస్తున్నావా?"

"నా పెరడు, నా కంచె. దాని మీద గాలీ నాదే. ఒక్క ఇనప రాడ్డు ముందుకొచ్చిందా, రంపంతో కోసేస్తా!"

"ఆస్మాన్ కిసీ కే బాప్ కా నహీ హై! ఆకాశం ఎవడి బాబుదీ కాదు!"

"నీ బాబుదే! కంప్లయింటు పెట్టాను. ఇవాళ ఇంజనీరు వస్తున్నాడు."

పెరట్లోనే కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న తల్లి మాణిక్యాంబ తలెత్తింది. కీళ్లవాతంతో ఆమె వేళ్లు చలికి కొయ్యబారిపోతాయి. "నెమ్మది. కాలనీ అంతా వింటోంది" అంది. ఇద్దరూ వినిపించుకోలేదు.

పన్నెండింటికి హౌసింగ్ ఆఫీసు ఇంజనీరు వచ్చి నక్షా విప్పాడు. "అంకుల్‌జీ, పైన గది కట్టడానికి వీల్లేదు." మల్లికార్జున గెలిచినట్టు పైకి చూశాడు. "లేకిన్ మీ ఫ్లాట్ ఈ గుమ్మంతోనే అయిపోయింది. ఈ పెరడు అందరిదీ. కంచె పదిహేను రోజుల్లో తీసెయ్యండి."

వైశాలి పకపకా నవ్వుతూ మెట్లు దిగింది. "నేలే నీది కాదంట, ఆకాశానికి ఓనరువి!"

ఆయన కర్ర గోడకానించి, భార్యను లేపి, కుర్చీని రెండడుగులు తూర్పుకి జరిపాడు. మాణిక్యాంబ చేతుల మీద మళ్లీ ఎండ పడింది. వెనక గోడ మీద సుద్దగీతలున్నాయి. తన గది రాకుండా గీసిన హద్దులనుకుంది వైశాలి ఇన్నాళ్లూ. ఇప్పుడు దగ్గరికెళ్లి చూస్తే, ఒక్కో గీత పక్కన ఒక్కో టైము. పదకొండు. పదకొండున్నర. ఆఖరిది కంచె పక్కన, రెండు.

"ఏంటి నాన్నా ఇవి?"

"ఎండ ఏ టైముకి ఎక్కడుంటుందో. నీ గది వస్తే మీ అమ్మ చేతులకి అది కూడా దక్కదు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే ఏమంటుందో తెలీదూ? 'పాపం, కట్టుకోనీండి, నేను లోపలే కూర్చుంటా' అంటుంది."

మాణిక్యాంబ చేతిలో బఠాణీకాయ ఆగిపోయింది. "అవును" అంది మెల్లగా, "అదే అంటాను."

వైశాలి కళ్లు తుడుచుకుని పైకి చూసి కేకేసింది. "విష్ణూ! రాడ్లవాణ్ని రావద్దని చెప్పెయ్."

ఆదివారం అందరూ కలిసి కంచె పీకారు. రెండింటికి మల్లికార్జున అలవాటు కొద్దీ కుర్చీని ఆఖరి గీత దగ్గర ఆపాడు. ఎండ ఆగలేదు. కంచె ఉన్నచోటు దాటి, అవతలున్న పార్కు గడ్డిలోకి జరిగింది.

"లేమ్మా" అంది వైశాలి. కుర్చీ ఎత్తి, కంచె స్తంభాల గుంటలు దాటి, నాలుగడుగుల అవతల వేసింది.

మూడైంది. మాణిక్యాంబ రెండు చేతులూ ఒళ్లో చాపుకుని కూర్చునే ఉంది. మల్లికార్జున జేబులోంచి సుద్దముక్క తీసి అటూ ఇటూ చూశాడు. గీత గీద్దామంటే అక్కడ గోడ లేదు.