నాలుగు మూలలా పసుపు

"అయ్యో... అయ్యో! ఎవరు విప్పారిది?!"

బీరువా ముందు నిలబడ్డ పద్మిని పెట్టిన కేక పెరట్లో అప్పడాలు ఆరబెడుతున్న అత్తగారు చిట్టమ్మ చెవిన పడింది. పద్మిని చేతిలో గోధుమరంగు కవరు. దాని మూతి మీద యూనివర్సిటీవాళ్ళు వేసిన ఎర్రటి లక్క సీలు రెండు ముక్కలైపోయి ఉంది! లోపలి మార్కుల కాగితాలు బయటికి తీసి చూస్తే ఏముంది... ఒక్కొక్క కాగితానికీ నాలుగు మూలలా పచ్చగా పసుపు!

పద్మిని మంచం మీద కూలబడిపోయింది. ఆ కవరు కోసం ఎన్ని రోజులు తిరిగిందని! న్యూజిలాండ్‌లో ఒక పాల కంపెనీవాళ్ళు ఫోన్లోనే మూడుసార్లు ఇంటర్వ్యూ చేసి అకౌంటెంటు ఉద్యోగం ఇస్తామన్నారు. ఒక్కటే షరతు. ఇక్కడ ఆమె చదివిన చదువు తమ దేశపు చదువుతో సమానమేనని అక్కడి అకౌంటెంట్ల సంస్థ ఒప్పుకోవాలి. అందుకు యూనివర్సిటీ సీలు వేసిన కవరు వేసింది వేసినట్టే ఆ సంస్థకు చేరాలి. విప్పిన కవరు చెల్లదు! నెలాఖరులోగా చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళిపోతుంది. అప్పటికి అందాలంటే బరంపురంలో కొరియరుకు ఇవ్వడానికి శనివారం ఆఖరు రోజు. ఇవాళ గురువారం...

చిట్టమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "ఏటయింది తల్లీ? తేలుగానీ కుట్టిందేటి?"

"నువ్వేనా అత్తా? దీన్ని విప్పింది నువ్వేనా?"

కవరు చూడగానే చిట్టమ్మ మొహం చిన్నబోయింది. "నానే... పసుపెడదామని ఇప్పేను."

"పసుపా!" పద్మిని కవరు పైకెత్తి చూపించింది. "నేను వెళ్తున్నానని ఎలాగో కనిపెట్టావు, అది నీకిష్టం లేదు. ఆ ముక్క నా మొహం మీదే చెప్పొచ్చు కదా! ఇలా నా గొంతు కోయాలా? నీ కొడుకుతో పాటే నేనూ పోయాననుకున్నావా అత్తా?"

ఎంత మాట! అన్నాక తన నాలుక తనే కొరుక్కుంది పద్మిని. కానీ నోరు జారిన మాట మళ్ళీ నోట్లోకి వస్తుందా? చిట్టమ్మ వచ్చిన దారినే పెరట్లోకి వెళ్ళిపోయి అప్పడాలు తిరగేయడం మొదలుపెట్టింది.

ఈ అత్తాకోడళ్ళ సంగతి ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. తొమ్మిదేళ్ళ క్రితం బీకాం పాసై కోడలుగా వచ్చింది పద్మిని. వచ్చిన ఆర్నెల్లకే "ఇంట్లో కూసుని ఏటి సేస్తావు, సదువుకో" అని ఎంకాంలో చేర్పించింది చిట్టమ్మే. ఆ తర్వాత కాస్ట్ అకౌంటెన్సీ పరీక్షలు కట్టమన్నదీ ఆవిడే. కోడలు పుస్తకం పట్టుకుంటే వంటగది గడప తొక్కనిచ్చేది కాదు. అప్పడాల పిండి దంచే చప్పుడు చదువుకు అడ్డమని రోలుని నడవలోంచి పెరటి చివరకి దొర్లించుకుపోయింది... ఎండైనా వానైనా అక్కడే దంచింది! ఇంతలో కరోనా వచ్చింది. రైల్వే బుకింగ్ ఆఫీసులో పనిచేసే శివప్రసాద్‌ని పదకొండు రోజుల్లో ఎత్తుకుపోయింది. పిల్లలైనా లేరు. పుట్టింటివాళ్ళు వచ్చి రమ్మంటే పద్మిని కదల్లేదు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒకరికి ఒకరై ఇద్దరు ఆడవాళ్ళు.

తను పనిచేసే ఆడిటర్ ఆఫీసులో లెక్కలన్నీ పద్మిని తేల్చేది, సంతకం మాత్రం వేరేవాళ్ళు పెట్టేవాళ్ళు. తన చదువుకు తన పేరు మీద ఒక కుర్చీ ఉండాలని ఆమె కోరిక. అందులో తప్పేముంది చెప్పండి! కానీ ఆ మాట అత్తగారితో ఎలా చెప్పాలో తెలియక ఆరు నెలలుగా దాచింది. కవరుని పట్టుచీరల అడుగున దాచింది.

పది గంటలకి చిట్టమ్మ కూతురు ఈశ్వరి వచ్చింది. ఆమెది గిరిసోల, అక్కడ చిన్న కిరాణా కొట్టు ఉంది. ప్రతి గురువారం పాసింజరు బండిలో వచ్చి తల్లి దగ్గర అప్పడాలు పట్టుకెళ్తుంది. పద్మిని కళ్ళు వాచిపోయి ఉండడం చూసి, సంగతి అడిగి తెలుసుకుని, చరచరా పెరట్లోకి నడిచింది. కాసేపటికి మంచినీళ్ళ కోసం లేచిన పద్మిని పెరటి తలుపు దగ్గర ఆగిపోయింది.

"మంచి పని సేసావమ్మా!" అంటోంది ఈశ్వరి. "నానైతే పొయ్యిలో ఎట్టీసుందును. మొగుడు పోయిన మనిసి, దేశంకాని దేశం ఎల్లి ఏటి సేస్తాదట?"

"నోర్ముయ్యే ఈశ్వరీ!"

చిట్టమ్మ అంత గట్టిగా అరవడం పద్మిని ఎప్పుడూ వినలేదు.

"నాను సెడగొట్టానని నువ్వు కూడా అనుకుంతన్నావా? అది ఎల్తాదని నాకు ఆరు నెల్లుగా తెలుసు! జాంసెట్టు కింద నిలబడి ఇంగిలీసులో ఫోన్లు మాట్లాడతాది. నాకు ఇంగిలీసు రాకపోతే ఏటి, దాని గొంతు తెలీదా? శివుడు పోయాక ఆ గొంతులో హుషారు మళ్ళీ అప్పుడే ఇన్నాను. ఇయ్యాల సెప్తాది, రేపు సెప్తాది అని రోజూ ఎదురు సూసినాను... సెప్పలేదు. బట్టలు సర్దుతుంటే కవరు కనబడింది. నాకు సెప్పకపోతే పోనీ, శుభమైన కాగితం పసుపు నేకుండా మన గడప దాటుతాదా? కవరు మీద ఎట్టీసి ఊరుకుందామనుకున్నాను. పెళ్ళికూతుర్ని ఒదిలీసి పల్లకీకి బొట్టెట్టినట్టుంటాది కదా అని లోపలి కాగితాలక్కూడా ఎట్టినాను. అంతేనే!"

ఈశ్వరి గొంతు తగ్గింది. "మరి నీకు బాధ నేదేటమ్మా? ఒక్కదానివీ..."

"ఎందుకు నేదు? ఎల్లకపోతే బాగుణ్ణని ఉంది. పక్కలేసినప్పుడు రెండో దిండు సూస్తే గుండె జారిపోతాది. కానీ ఆ బుద్ధితో నానా కవరు ముట్టుకోలేదు... శివుడి మీద ఒట్టు!"

పద్మిని ఇంక నిలబడలేకపోయింది. వెళ్ళి అత్తగారి కాళ్ళ మీద పడిపోయింది. "నన్ను కొట్టు అత్తా! నువ్వు వద్దంటే నేను ఆగిపోతాను. అందుకే... అందుకే అడగలేకపోయాను!"

"అడిగుంటే సీలు ఇప్పకూడదని నాకు తెలిసుండును కదే, పిచ్చిదానా!"

ఏడుస్తూనే నవ్వొచ్చింది పద్మినికి. చిట్టమ్మ కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకుని, రెండు చేతులా కోడల్ని లేవదీసింది. "ఏడుపు సాలుగాని లే. మొహం కడుక్కో, సీర మార్చుకో. ఆ యూనివర్సిటీకి నానూ వస్తాను. ఇప్పింది నాను, సెప్పుకునేదీ నానే."

యూనివర్సిటీ ఆఫీసులో ఆ పని చూసే ఆవిడ పేరు మాధవి. పద్మిని నోరు తెరిచేలోపే చిట్టమ్మ కిటికీ దగ్గరకి వెళ్ళి కాగితాలు పరిచేసింది. సగం ఒడియాలో, సగం తెలుగులో, 'అమ్మగారూ' అనడానికి 'ఆజ్ఞా' అంటూ ఉన్నదున్నట్టు చెప్పేసింది. "తప్పు నాది ఆజ్ఞా! ఈ పిల్లది ఇసుమంత కూడా నేదు!"

మాధవి ఒక్కొక్క కాగితమే తిప్పి చూసింది. పసుపు మరకల దగ్గర ఆమె వేలు ఆగింది. "మాఉసీ, మా అమ్మ కూడా నా పరీక్ష హాల్ టికెట్‌కి ఇలాగే పెట్టేది" అంది నెమ్మదిగా, సొంత పిన్నిని పిలిచినట్టు ఒడియాలో పిలుస్తూ. "కానీ వీటినే మళ్ళీ కవర్లో పెట్టి సీలు వేస్తే అది అబద్ధమవుతుంది. నేను చెయ్యను. కొత్తవి తీయిస్తాను. సంతకం పెట్టే ఆఫీసరుగారు భంజనగర్‌లో పరీక్షల తనిఖీకి వెళ్ళారు. శనివారం వస్తారు."

"శనివారం ఎన్నింటికి?" అడిగింది పద్మిని.

"అది నేను చెప్పలేను."

"ఫర్వాలేదు మేడమ్. తలుపులు తీసేసరికి ఇక్కడుంటాం."

అన్నట్టే శనివారం ఆఫీసు తలుపులు తీయకముందే అత్తాకోడళ్ళిద్దరూ వరండాలో బల్ల మీద కూర్చున్నారు. పదయింది. పన్నెండయింది. కొరియరువాళ్ళు మూడింటికి మూసేస్తారు... పద్మిని నాలుగుసార్లు లేచి లోపలికి వెళ్ళి అడిగింది, నాలుగుసార్లూ మాధవి తల అడ్డంగా ఊపింది. ఒంటిగంటకి టిఫిన్ క్యారేజీతో ఈశ్వరి దిగింది! రెండు రోజులుగా కొట్టు మూసుకుని తల్లి ఇంట్లోనే ఉండిపోయింది ఆమె. "తినండి ముందు" అంది, పద్మిని మొహంలోకి చూడలేక క్యారేజీ గిన్నెలు విడదీస్తూ. "ఆ రోజు నోటికొచ్చిందల్లా అనీసినాను. మనసులో ఎట్టుకోకే."

"నేనూ అనకూడని మాటే అన్నాను వదినా" అంది పద్మిని.

రెండు గంటల పది నిమిషాలకి ఆఫీసరుగారి జీపు వచ్చింది. ఆయన సంతకాలు పెట్టారు. మాధవి కొత్త కాగితాలు కవర్లో పెట్టి, మూతి అంటించి, వాళ్ళ కళ్ళ ముందే లక్క కరిగించి ముద్ర వేసింది. చిట్టమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, రెండడుగుల దూరంలో నిలబడింది.

"మాఉసీ, పట్టుకోండి, ఏం కాదు" అంది మాధవి నవ్వుతూ.

"అమ్మో! నాకొద్దు. దానికే ఇచ్చీండి."

కొరియరువాళ్ళు షట్టరు సగం దించాక చేరారు. పద్మిని ఆ షట్టరు కిందుగా వంగి లోపలికి దూరింది! రశీదు చేతికొచ్చాకే ముగ్గురూ ఊపిరి పీల్చుకున్నారు.

నలభై రోజులు గడిచాయి. ఒక సాయంత్రం ఆఫీసునుంచి వస్తూ పద్మిని ఒక కాగితం ప్రింటు తీయించుకుని వచ్చింది. పీట మీద కూర్చున్న అత్తగారి ముందు ఆ కాగితం పరిచి, పక్కన పసుపు గిన్నె పెట్టింది.

చిట్టమ్మ చెయ్యి ముందుకు రాలేదు. "దీనికి సీలుందేటి?" అంది భయంభయంగా.

"లేదు అత్తా. ఎంత కావాలంటే అంత పెట్టుకో. నా చదువు వాళ్ళ చదువుతో సమానమేనని రాశారు."

చిట్టమ్మ పసుపు తడిపింది. నాలుగు మూలలా, తొందర లేకుండా అద్దింది. ఆ వేళ్ళ వంక చూస్తుంటే పద్మినికి దుఃఖం పొంగుకొచ్చింది. ఫైలు తెరిచి, ఆ పాత పసుపు కాగితాలు బయటికి తీసింది. అవి ఏ ఆఫీసుకీ పనికిరావు. అయినా ఒక్కటి కూడా పారేయలేదు.

"ఇవి నాతోనే వస్తాయత్తా. వాళ్ళందరికంటే ముందు నువ్వు ఒప్పుకున్నావు. నాకే తెలీలేదు..."

చిట్టమ్మకి కళ్ళనిండా నీళ్ళు. చేతికి పసుపని మోచేత్తో తుడుచుకుంది. తర్వాత, ఇన్ని నెలల్లో మొదటిసారిగా అడిగింది.

"ఎప్పుడెల్తావు తల్లీ?"

"వచ్చే నెల పదకొండున."

"సలేస్తాదా అక్కడ?"

"వేస్తుందట."

"నాకేటీ బెంగెట్టుకోకు. అప్పడాలున్నాయి, ఈశ్వరి ఉంది. నువ్వు పోయినకాడ నుంచి రోజూ ఫోను సెయ్యి, జాంసెట్టు కిందకెల్లి ఇంటాను. ఇప్పుడు సెప్పు... మొదటినుంచీ సెప్పు."

పద్మిని అత్తగారి పక్కనే నేల మీద కూర్చుంది. ఊరి పేరు దగ్గర మొదలుపెట్టి, విమానం ఎక్కడ మారాలో, ఆఫీసు ఇంటికి ఎంత దూరమో, ఆరు నెలలుగా దాచుకున్నదంతా చెప్పుకుంటూ పోయింది. పొయ్యి మీద అన్నం అడుగంటుతున్న వాసన వచ్చేదాకా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.